మైనింగ్‌ల యాక్టింగ్

సారక్క చివరిగా చేసిన మామూలు పని దండెం మీది బట్టలు తీయడం.

మే నెల చివరి రోజులు. బొగ్గు కోసం నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ వేళయిందంటే సెంటినరీ కాలనీలో ఆడవాళ్లంతా ఒక్కసారే వెనక గుమ్మాల్లోంచి బయటికి వస్తారు. ఆరిన బట్టలు లోపలికి పోవాలి, బిందెల మీద మూతలు పడాలి, లేకపోతే పొద్దుగూకేదాకా అంతటా బూడిదరంగు దుమ్మే. సారక్క కూడా వచ్చింది. క్లిప్పులు పళ్ల మధ్య పెట్టుకుని, యమున చుడీదార్లు ఒక భుజం మీద, తన డ్యూటీ చీరలు ఇంకో భుజం మీద వేసుకుని, పక్క క్వార్టర్ మల్లక్కకు అట్లాగే అరిచి చెప్పింది: "ఇయ్యాల గట్టిగనే కొడ్తరట, మూతలు పెట్టుకోయే!" లోపలికి వచ్చి బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసింది. "యమునా, జర నీళ్లు తేవే, గుండెల పట్టేసినట్టయితాంది" అన్నది. యమున నీళ్లు తెచ్చేసరికి ఆ బట్టల పక్కనే ఒరిగి ఉంది. దవాఖానకు తీసుకుపోయే దారిలోనే అయిపోయింది.

ఆ మధ్యాహ్నం గురించి యమునకు ఇంతకంటే చెప్పాలని ఉండదు. చెప్పాల్సింది అంతకు ముందటి సారక్క గురించి. ఆమెకు ఒకచోట ఆగడం తెలియదు. మాట వెనకాల మాట తరుముకుంటూ వచ్చేది. అన్నం తింటూ లేచి ఫోను మాట్లాడేది, ఫోను మాట్లాడుతూ జడ వేసేది. మంచి మాట ఏదైనా చెవిన పడితే అది నిజమో కాదో తేలేదాకా ఆగకుండా ముందే సంబరపడేది.

ఆమె యమునకు చిన్నమ్మ, తల్లి అనసూర్యకు చెల్లెలు. భర్త బాయిలో పనిచేస్తూ జబ్బుపడి పోతే ఆ కొలువు ఆమెకు ఇచ్చారు. నేల కింది గనిని అక్కడ బాయి అనే అంటారు. పిల్లలు లేరు. అనసూర్య, సదయ్య పెద్దపల్లి దగ్గర పల్లెలో పత్తి పండిస్తారు. యమునకు సెంటినరీ కాలనీ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చిందని తెలిసిన రోజే సారక్క ఆటో మాట్లాడుకుని ఊరికి వచ్చింది. పిల్ల పెట్టె, పరుపు, ఒక మామిడికాయ తొక్కు జాడీ అందులో వేసుకుని, "హాస్టలెందుకు, నేను సచ్చిన్నా?" అని అక్కను కసిరి తీసుకుపోయింది.

ఆ సీటు ఎలక్ట్రానిక్స్‌లో. యమున అడిగింది మైనింగ్. సదయ్య ఒప్పుకోలేదు. "ఆడివిల్లకు బాయెందుకు? మీ చిన్నమ్మ నౌకరీ పైననే గాబట్టి సరిపోయింది. సల్లగ నీడపట్టున కూసునే సదువు సదువు" అన్నాడు. యమున ఎదురుచెప్పలేదు. కానీ బీటెక్ అయ్యాక ఎట్లాగైనా మైనింగ్‌లో పీజీ చేయాలని లోపల పెట్టుకుంది. ఆ సంగతి తెలిసిన మనిషి సారక్క ఒక్కతే. అప్పటినుంచి అది యమున కోరిక కంటే ఎక్కువగా సారక్క కోరికైంది.

రెండో ఏడు చివర్లో ఒక రాత్రి అన్నం దగ్గర యమున మాటల్లో మాటగా అన్నది.

"చిన్నమ్మా, కాలేజీల మైనర్ డిగ్రీ అని పెట్టిన్రు. మన బ్రాంచి మనం సదువుకుంటనే ఇంకో బ్రాంచివి కొన్ని సబ్జెక్టులు ఎక్కువ సదవాలె. శనివారం శనివారం క్లాసులు. పట్టా మీద అది సుత రాస్తరు."

"ఇంకో బ్రాంచి అంటే ఏది?"

"మనిష్టం. కంప్యూటర్స్ తీస్కుంటున్నరు అందరు. మైనింగ్ సుత ఉన్నది."

సారక్క చేతిలో ముద్ద నోటిదాకా పోకుండా ఆగింది. "ఓ పోరీ! గిది యాక్టింగ్ గదనే!"

"యాక్టింగ్ ఏంది?"

"యాక్టింగే. పేరు నీ బ్రాంచిది, పని మైనింగ్‌ది. రేపు మైనింగ్‌ల పెద్ద సదువుకు పిలిస్తే ఎవల్ని సూస్తరు? ముందుగాల యాక్టింగ్ చేసినోళ్లను సూస్తరు. రాయి, పేరు రాయి. పొద్దుగాల్నే పోయి రాయి."

బాయి మీద యాక్టింగ్ అంటే తెలియనివాళ్లు లేరు. పంపు ఆపరేటర్ సెలవు పెడితే ఆ రోజుకు ఒక మజ్దూర్‌ను పంపు మీద నిలబెడతారు. హోదా మజ్దూర్‌దే, పని ఆపరేటర్‌ది. అట్లా చేసిన హాజర్లు, వాళ్ల మాటలో మస్టర్లు, అతని పేరు మీద పడతాయి. రేపు ఆపరేటర్ పోస్టు పడితే ఆ పని చేసినవాడికే ముందు పిలుపు వస్తుందని అందరికీ ఆశ. సారక్క కూడా మజ్దూర్‌గా చేరి, ల్యాంపు రూంలో యాక్టింగ్ చేస్తూ చేస్తూ అక్కడే కుదురుకున్న మనిషి. లోకంలో పైకి వెళ్లే దారి ఏదైనా అట్లాగే ఉంటుందని ఆమె గట్టి నమ్మకం.

ఆ ల్యాంపు రూం సంగతి కూడా చెప్పుకోవాలి. బాయి దిగే ప్రతి మనిషీ, మజ్దూర్ కానీ మేనేజర్ కానీ, ముందు ఆ కిటికీ దగ్గరికి రావాల్సిందే. తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే ల్యాంపు తీసుకోవాలి. పైకి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. బిళ్ల ఇంకా మేకుకే ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. అందుకే సారక్కతో మాట్లాడకుండా బాయిలోకి పోగలిగినవాడు ఎవడూ లేడు. ఈ అనుకూలాన్ని ఆమె మర్నాడే వాడుకుంది.

"సార్, ఒక్క మాట" అన్నది అండర్‌మేనేజర్ బిళ్ల అందుకుంటూ. "బీటెక్‌ల మైనర్ డిగ్రీ చేస్తే మీద పెద్ద సదువుకు సీటు జల్ది వస్తదా?"

ఆయన తెల్లముఖం వేశాడు. "మేం చదివినప్పుడు అసోంటివి లేవమ్మా."

"లేకుంటె లేవు. అడిగి చెప్పుండ్రి. మీ సోపతిగాళ్లు ఉంటరు గద."

వెనక లైను కదలడం లేదు. ఎవరో కేక వేశారు. "సారక్కో! మాకు మస్టర్ పోతది, జల్ది ఇయ్యి!"

"నీకు మస్టర్ పోతది, నా బిడ్డకు సీటు పోతది. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

"నా మస్టరే పెద్దది!"

"అయితె నిలవడు."

వారం రోజులు ఇదే తంతు. సర్వేయర్ పనికొస్తుందన్నాడు. ఓవర్‌మ్యాన్ ఒకాయన తన కొడుకు చేసినా లాభం లేకపోయిందని చెప్పి పనికిరాదన్నాడు. ఒకడు మైనర్ అంటే పద్దెనిమిది నిండనివాళ్లు కదా అని నవ్వబోయి, సారక్క చూపుకు నవ్వు మింగేశాడు. ల్యాంపులకు మరమ్మతు చేసే బద్రుద్దీన్ లోపల స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అన్నాడు.

"సారక్కా, పనికొస్తది అన్నోనికి ల్యాంపు జల్ది ఇస్తున్నవు. రాదు అన్నోన్ని నిలవెడ్తున్నవు. గిట్లైతే రేపట్నుంచి అందరు వస్తదనే అంటరు."

"అననియ్యి భాయ్. మంచిమాట అంటె ఏం పోతది?"

"మంచిమాటకు సీటు రాదు గద."

"నువ్వు సుత లైన్ల నిలవడు పో."

అంతటితో ఆగలేదు. ఒక శనివారం షిఫ్టు దిగి డ్యూటీ చీరతోనే కాలేజీకి నడిచింది. మైనింగ్ మైనర్ క్లాసులు చెప్పేది సంధ్యారాణి మేడం. స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడి, నమస్కారం పెట్టి, అడగాల్సింది ఒక్క ఊపిరిలో అడిగేసింది. ఆమె ఓపిగ్గా చెప్పింది: మైనర్ చేసినంత మాత్రాన సీటు రాదు. ముందు వడపోత గేట్ పరీక్ష స్కోరుతో, సొంత బ్రాంచి మార్కులతో జరుగుతుంది. అక్కడ మైనర్‌కు వేరే మార్కులంటూ ఉండవు. ఇంటర్వ్యూ దాకా పోతే మాత్రం, ఎలక్ట్రానిక్స్ పిల్లకు మైనింగ్ ఎందుకు అని అడుగుతారు. అప్పుడు చూపించడానికి ఆ సబ్జెక్టులో సొంతంగా చేసిన పని ఏదైనా ఉంటే మైనర్ అక్కరకు వస్తుంది. ఉత్త పేరు కోసం చేస్తే, ఒక ప్రశ్నకే దొరికిపోతారు.

సారక్క ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ప్రకటించింది. "మేడం అక్కరకొస్తదన్నది!"

"ఇంకేమన్నది?"

"ఇంకేందో అన్నది గని, అసలు మాట ఇదే."

మల్లక్క కొడుకు రుత్విక్ యమున క్లాసే. కంప్యూటర్స్ మైనర్ కూడా వద్దనుకుని గేట్ కోచింగ్‌లో చేరాడు. గోడ అవతలి నుంచి తల పెట్టి అన్నాడు. "ఆంటీ, శనివారాలన్ని గా క్లాసులకు పోతె గేట్ ఎప్పుడు సదువుతది? స్కోర్ తక్కువొస్తె మైనర్ ఏం జేస్తది?"

"ఆంటీ ఏందిరా, చిన్నమ్మ అంటె నోరు నొస్తదా?"

"సరే చిన్నమ్మా. స్కోర్ తక్కువొస్తె ఎట్ల?"

"నీకు ఎక్కువొస్తది, దానికి సీటొస్తది. నువ్వు స్కోర్ సూస్కుంట కూసో."

యమున నవ్వింది కానీ రుత్విక్ మాట ముల్లులా గుచ్చుకుంది. అతను అన్నది తప్పు కాదు.

అయినా ఆ శనివారాలు ఆమెకు పండగలే. రాతి పొరలు, పైకప్పు ఎప్పుడు దిగుతుందో చెప్పే లెక్కలు, గాలి ఏ దారిన పోయి ఏ దారిన వస్తుందో, చిన్నమ్మ ఇంటికి వచ్చినప్పటినుంచీ చుట్టూ ఉన్నదానికి ఒక్కొక్కటిగా పేర్లు దొరుకుతుంటే ఒళ్లు పులకరించేది. మూడో ఏడు ప్రాజెక్టు అడిగితే, సంధ్యారాణి మేడం దగ్గర భయంభయంగానే ఒక మాట బయటపెట్టింది. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా క్వార్టర్ల గోడలు వణుకుతాయి. ఎంత వణుకుతాయో కొలిచే పరికరాలు ఉన్నాయి కానీ ఖరీదు. నేను చదివే ఎలక్ట్రానిక్స్‌తో చవకది ఒకటి తయారుచేస్తే?

మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "చెయ్యి. ఎక్కడ పెడతావు?"

ఎక్కడేముంది, సారక్క గోడకే. కదలికను కరెంటుగా మార్చే జియోఫోన్ అనే చిన్న డబ్బీని గోడకు బిగించి, తీగను సొంతంగా అతికిన బోర్డుకు కలిపి, దాన్ని పాత ల్యాప్‌టాప్‌కు తగిలించింది. మొదటిరోజు బ్లాస్టింగ్ వేళకు సారక్క డ్యూటీ నుంచి పరుగున వచ్చి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేల దడదడలాడింది. తెర మీద తిన్నగా పోతున్న గీత ఎగిరిపడి, పళ్లచక్రంలా కోరలు కోరలుగా మారి, నెమ్మదించింది.

"అబ్బ! గిదా మన ఇల్లు ఊగుడు?" అన్నది సారక్క. మల్లక్కను కేకేసింది. "ఓ మల్లక్కా, దా సూద్దువు! ఇన్నొద్దులు మనం ఊకెనే వణికినం. ఇది రాసిపెడ్తాంది!"

ఆ తర్వాత కాలనీలో ఆ వరుసంతా క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేది. ఇయ్యాల ఎంతొచ్చింది? నిన్నటికంటె ఎక్కువనా? వానొచ్చినంక ఎందుకు మారింది? సారక్క గుమ్మంలో నిలబడి జవాబు చెప్పేది. సగం తప్పు చెప్పేది. యమున లోపల్నుంచి సరిదిద్దితే, "గదే, గదే నేను సుత అన్న" అనేది. ఏడాది పొడుగునా ఆ గీతలు పోగయ్యాయి. వానాకాలంలో నేల తడిసినప్పుడు వణుకు ఎట్లా మారుతుందో యమునకు అంతుపట్టడం మొదలైంది. నిద్రలో కూడా అదే ధ్యాస.

గేట్ స్కోరు వచ్చింది. మంచిదే, కానీ గొప్పది కాదు. రుత్విక్‌కు చాలా మంచిది వచ్చింది. అతను గోడ మీదికి రాలేదు. అది యమునకు ఇంకా కష్టంగా తోచింది. ఉత్తరాదిన గనుల చదువుకు పేరున్న పెద్ద ఇన్‌స్టిట్యూట్ ఒకటుంది. అక్కడ మైనింగ్‌లో పరిశోధన పీజీ. అదొక్కటే యమునకు కావాల్సింది. ఆ ఏడు రాకపోతే సదయ్య ఆగడు, హైదరాబాద్‌లో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకోమన్నాడు అప్పటికే.

ఆన్‌లైన్లో దరఖాస్తు నింపేటప్పుడు ఒకచోట ఆగింది. మైనింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు ఒక వరుస, ఇతర బ్రాంచిల వాళ్లకు ఇంకో వరుస. రెండోదాంట్లో సీట్లు బాగా తక్కువ.

"ఇందుల ఏది పెట్టాలె చిన్నమ్మా? నాది ఎలక్ట్రానిక్స్ గద."

సారక్కకు సందేహమే లేదు. "నువ్వు యాక్టింగ్ చేసింది ఎందుల? మైనింగ్‌ల. పంపు మీద యాక్టింగ్ చేసినోడు పంపు పోస్టుకే పెట్టుకుంటడు గని, మజ్దూర్ పోస్టుకు పెట్టుకుంటడా? మైనింగే పెట్టు."

అంత తేటగా చెబితే యమునకు అది నిజమే అనిపించింది. రెండేళ్లు చదివిందీ, ఏడాది పాటు గోడకు చెవి పెట్టిందీ మైనింగ్ కోసమే కదా. మైనింగే పెట్టింది.

పది రోజులకు మెయిల్ వచ్చింది. మీ డిగ్రీ మైనింగ్ కాదు కాబట్టి ఈ వరుసలో మీ దరఖాస్తును చూడలేము, అభ్యంతరం ఉంటే రేపు సాయంత్రంలోగా తెలపండి. యమున మెయిల్‌కు జవాబు రాసింది, ఫోను చేసింది, ఎవరూ ఎత్తలేదు. స్కూటీ తీసి నేరుగా బాయి దగ్గరికి పోయింది. షిఫ్టు మారే వేళ. కిటికీ ముందు లైను.

"చిన్నమ్మా, తప్పు పెట్టినం. తీసేస్తున్నరు!"

సారక్క చేతిలోని బిళ్లలు బల్ల మీద పడేసింది. "ఏడ్వకు. నంబరెంత? కొట్టు. మల్ల కొట్టు. ఎత్తేదాంక కొట్టు." లైనులో ఉన్నవాళ్లు ఈసారి మస్టర్ పోతుందని అరవలేదు. ఎవరో "ఏమైందట?" అన్నారు, ఇంకెవరో "యమున సీటట" అన్నారు. అట్లా చివరిదాకా పాకింది.

ఎన్నోసారికో అవతల ఒక ఆడగొంతు హిందీలో పలికింది. యమున ఇంగ్లీషులో మొదలుపెట్టింది, అవతలి నుంచి మళ్లీ హిందీయే వచ్చింది. సారక్క ఫోను గుంజుకుని బద్రుద్దీన్ చేతిలో పెట్టింది. "భాయ్, నువ్వు మాట్లాడు. నీ హిందీ మస్తుంటది."

"నాది ఇంట్ల మాట్లాడే హిందీ సారక్కా, ఆఫీసుది కాదు" అంటూనే బద్రుద్దీన్ చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. "మేడమ్‌జీ, సలామ్. బచ్చీ హై, ఫారం మే గల్తీ హోగయీ..."

"యాక్టింగ్ చేసిందని చెప్పు! రెండేండ్లు చేసిందని చెప్పు!" సారక్క పక్కనుంచి ఎగదోస్తోంది.

బద్రుద్దీన్ ఫోను అరచేత్తో మూశాడు. "యాక్టింగ్ అంటె సినిమా అనుకుంటది ఆమె. జర ఊకో!"

లైనులో నవ్వులు. అవతలి ఆవిడకు ఆ నవ్వులు వినిపించినట్టున్నాయి, ఇక్కడ ఏం జరుగుతోందని అడిగింది. బద్రుద్దీన్ ఉన్నదున్నట్టు చెప్పాడు: ఇది బొగ్గుబాయి, యాభై మంది ల్యాంపుల కోసం నిలబడ్డారు, పిల్ల సీటు సంగతి తేలేదాకా వీళ్ల చిన్నమ్మ ఎవరినీ దిగనివ్వదు. ఆవిడ కూడా నవ్వింది. ఇతర బ్రాంచిల వరుసలోకి మార్చమని ఒక మెయిల్ పెట్టమన్నది, ఏ చిరునామాకు పెట్టాలో చెప్పింది, గడువులోపు వస్తే మారుస్తామన్నది. యమున ఆ బల్ల మీదే, ల్యాంపుల మధ్యే టైపు చేసి పంపింది. పోయిందని తెర మీద కనబడగానే సారక్క కిటికీలోంచి బయటికి వంగి, "పోయింది!" అని అరిచింది. లైనంతా ఈలలు వేసింది. అండర్‌మేనేజర్ ఒక్కడే వాచీ చూసుకున్నాడు.

ఆ రాత్రి యమున, "తక్కువ సీట్ల వరుసకు వచ్చినం చిన్నమ్మా" అన్నది.

"తక్కువుంటె ఏంది? మనకు కావాల్సింది ఒక్కటే గద" అన్నది సారక్క.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆన్‌లైన్లోనే. సమయం సరిగ్గా బ్లాస్టింగ్ వేళ. సారక్క తల పట్టుకుంది. ఓపెన్‌కాస్ట్‌లో మనోళ్లు ఎవరైనా ఉన్నారా, ఆ ఒక్కరోజు ఒక గంట ఆలస్యంగా పేల్చమని చెప్పడానికి అని కిటికీ దగ్గర వాకబు చేసింది.

"నీ బిడ్డ ఇంటర్వ్యూకు బొగ్గు ఆపుతరా సారక్కా?" అన్నాడు బద్రుద్దీన్.

"అడిగితె ఏం పోతది?"

ఆ రోజు సెలవు పెట్టింది. కరెంటు గుంజుకుంటాయని వరుసలో కూలర్లన్నీ బందు పెట్టించింది. నలభై ఐదు డిగ్రీల ఎండలో అందరూ చెట్ల కింద కూర్చుని విసనకర్రలు ఊపుకున్నారు. కోతులు రేకుల మీద దూకుతాయని కట్టె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. లోపల ఫోను తెర మీద ముగ్గురు ప్రొఫెసర్లు. ఎలక్ట్రానిక్స్‌లో రెండు ప్రశ్నలు, ఒకటి సరిగ్గా చెప్పింది, ఒకటి తడబడింది. తర్వాత నడుమ కూర్చున్నాయన కాగితం చూస్తూ అడిగాడు. మైనింగ్‌లో మైనర్ చేశావు, ఎందుకు? చాలామంది పట్టా మీద ఒక ముక్క కోసం చేస్తారు, నువ్వూ అంతేనా?

యమున నోరు తెరవబోయింది. అప్పుడే కిటికీ అద్దాలు గలగలలాడాయి. బల్ల మీద గ్లాసు జరిగింది. అవతల ముగ్గురూ ఒకేసారి తలెత్తారు.

"అదేంటి?" అన్నాడాయన.

"బ్లాస్టింగ్ సార్. ఓపెన్‌కాస్ట్." అని, ఆమె ఏం చేస్తున్నదో ఆమెకే తెలియకుండా పక్కనున్న పాత ల్యాప్‌టాప్ తెరను ఫోను కెమెరా వైపు తిప్పి, అప్పుడే పడిన గీతను చూపించింది. "ఇదిగో సార్, ఇది ఇప్పటిదే." ఇక ఆగలేదు. గీత మొదట్లో ఆ కోర ఏమిటో, తడినేల అయితే ఎట్లా మారుతుందో, తన బోర్డు ఎక్కడ తప్పుతుందో, ఇంకా ఏది అర్థం కాలేదో, భయం మరిచి చెప్పుకుంటూ పోయింది. వాళ్లు ప్రశ్న మీద ప్రశ్న వేశారు. కొన్నింటికి తెలియదన్నది. ఇచ్చిన సమయం దాటిపోయింది. చివర్న నడిమాయన నవ్వుతూ, మీ ఇంటి గోడ జాగ్రత్త అన్నాడు.

బయటికి రాగానే సారక్క కట్టె పారేసి చేతులు పట్టుకుంది. "ఏమన్నరు? సీటిచ్చిన్రా?"

"గిప్పుడే ఇయ్యరు చిన్నమ్మా. జూన్‌ల చెప్తరు."

"జూన్‌ల చెప్తరు, గని ఇచ్చిన్రు" అన్నది సారక్క. కూలర్లు వేసుకోమని వరుసంతా వినిపించేలా అరిచింది.

తర్వాత కొద్దిరోజులకే ఆ మధ్యాహ్నం. జూన్ రెండో వారంలో జాబితా వచ్చింది. యమున పేరు ఉంది. అనసూర్య ఆ క్వార్టర్లోనే ఉండి చెల్లెలి సామాను సర్దుతోంది. కూతురు చూపించిన ఫోనును రెండు చేతులతో పట్టుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది. సదయ్య బయటికి పోయి, తిరిగొచ్చి, "రైలు టికెట్లు తీస్త" అన్నాడు.

ఆ నడిమాయనే గైడ్ అయ్యాడు. చేరకముందే ఫోన్ చేసి ఏం చదువుకుని రావాలో చెప్పాడు. మాట ముగిస్తుంటే యమున అడగకుండా ఉండలేకపోయింది. సార్, నా మైనర్ ఏమైనా పనికొచ్చిందా? ఆయన ఉన్నదే చెప్పాడు. పిలిచేవాళ్లను ఎంచేటప్పుడు దాన్ని మేం చూడలేదు, చూసే పద్ధతి లేదు. నీ స్కోరు అంచున ఉండింది. పిలిచాక మాత్రం మేం మాట్లాడుకున్నదంతా దాని గురించే. యమున ఫోను పెట్టేసి, ఇది రుత్విక్‌కు చెప్పాలా సారక్కకు చెప్పాలా అని ఒక్క క్షణం అనుకుంది. రుత్విక్‌కు చెప్పింది. అతను గోడ దూకి వచ్చి చేయి కలిపాడు.

ప్రయాణం ముందురోజు పొద్దున్నే లడ్డూల డబ్బా తీసుకుని బాయి దగ్గరికి పోయింది. ఫస్టు షిఫ్టు లైను. కిటికీలో ఎవరో కొత్త మనిషి. బద్రుద్దీన్ బయటికి వచ్చి, లడ్డూ తీసుకుని, తలమీద చెయ్యి పెట్టాడు. కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

"ఇది రెండోసారి బిడ్డా."

"రెండోసారేంది కాకా?"

"నీ సీటు మిఠాయి. మొదలు జిలేబి తిన్నం గద మేమంత. గా ఇంటర్వ్యూ అయిన తెల్లారే."

"గప్పటికి రిజల్ట్ రాలేదు కాకా!"

"గది మాకేం ఎరుక? సీటొచ్చిందన్నది మీ చిన్నమ్మ. వేడివేడిది పట్టుకొచ్చి, ల్యాంపుకొకటి చేతుల పెట్టింది. అండర్‌మేనేజర్ సార్ సుత తిన్నడు."

లైనులో నిలబడ్డవాళ్లు అవునవునని తలలూపారు. జిలేబి అందరికీ అందిందనీ, ఇంత మంచి కబురు ఇంటికి పోయేటప్పుడు యమునకు కూడా చెప్పిపోతామంటే ఆమె వద్దన్నదనీ వెనక నుంచి ఒకాయన చెప్పాడు.

"పోరికి చెప్పకుండ్రి, దానికింకా ఎరుకలేదు" అన్నదట.